చేతులు వణికిన రోజులు

మొన్న మనవరాలి పుస్తకం అట్ట ఊడితే మైదా జిగురు ఉడికించాను. ఆ వాసన ముక్కుకు తగలగానే దేవదానం సార్ గుర్తొచ్చారు. పందొమ్మిది వందల అరవైల చివర్లో యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు బైండింగ్ చేసే గదికి ఆయనే పెద్ద. ఇల్లు తార్నాకలో. నేను లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చి కొత్తగా చేరిన గుమాస్తాను. అన్నీ నాకే తెలుసనుకునే వయసు.

ఎవరూ లేనప్పుడు కూడా తనను తిట్టే గొంతులు వినిపిస్తాయనీ, వాటి నోరు మూయించడానికే కల్లు అలవాటైందనీ ఆయన దాచుకోకుండా చెప్పేవారు. ఆసుపత్రి మాత్రలతో గొంతులు సద్దుమణిగాయి గానీ కల్లు పూర్తిగా పోలేదు. ఒకరోజు సూపరింటెండెంట్ నన్ను పిలిచి, "ఆయన తాగొచ్చిన దినాలు కాగితం మీద రాయమ్మా. ఇట్లనే ఉంటే నౌకరీ పోతది" అన్నాడు. బుద్ధిమంతురాలిలా రాశాను. ఆయన చేతులు వణికి, సూదిలో దారం ఎక్కని రోజల్లా తాగిన రోజేనని నా తీర్పు.

ఒక మధ్యాహ్నం ఆ కాగితం ఆయన కంటబడింది. ఆయన అరవలేదు. ఒక్కో తారీఖు మీద వేలు పెట్టి చదివారు.

"గిదేంది బిడ్డా, అంతా ఉల్టా రాసినవ్? గీ దినాలల్ల నేను చుక్క ముట్టలే. మాత్రలేసుకుంటే చేతులు వణుకుతయి. వణుకు ఆగాల్నని కల్లు తాగుత. చెయ్యి నిలకడగున్న దినాలే తాగిన దినాలు."

"డాక్టరుకు చెప్పిన్రా సార్?"

"కల్లు ముచ్చట చెప్తే మందు బంద్ చేస్తడేమోనని భయం. బందైతే గా గొంతులు మళ్లొస్తయి."

సిగ్గుతో ఏడ్చేశాను. మర్నాడు ఆ కాగితం పట్టుకుని ఇద్దరం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు మందు ఆపలేదు. మోతాదు తగ్గించి, వణుకుకు వేరే మాత్ర కలిపి, "కల్లు సంగతి మొదలే చెప్పాల్సింది" అని మాత్రం అన్నాడు. సూపరింటెండెంట్ దగ్గర నా తప్పు నేనే ఒప్పుకున్నాను. "దవాఖానల ఇలాజ్ చేయించుకుంటున్నడు గదా, చూద్దాం" అన్నాడు. ఉద్యోగం నిలిచింది. కల్లు ఒక్కరోజులో పోలేదు. సార్ రెండుసార్లు మళ్లీ తాగారు, రెండుసార్లూ ఆయనే డాక్టరుకు చెప్పారు. ఏడాది తిరిగేసరికి వణుకూ తగ్గింది, కల్లూ మానేశారు. ఆ ఏడే నాకు పుస్తకం కుట్టడం నేర్పారు.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే మొండికేసేదాన్నేమో. ఇప్పటికీ నాకు తొందరపాటు ఎక్కువే, నోరూ ఎక్కువే. కానీ ఎవరి గురించైనా చెప్పమని నన్నడిగితే, ముందు వెళ్లి వాళ్లనే అడుగుతాను.