గఫూర్ సాబ్ అడిగిన ఒక్క మాట

ఈ నాలుగు మాటలూ రాసి పెట్టవలసిన అవసరం నాకుంది. గఫూర్ సాబ్ పోయే ముందు నన్ను ఒక మాట అడిగారు. పలకడానికి ఒక్క క్షణం చాలు. నేను పలకలేదు. పలకకపోవడమే మర్యాద అనుకున్నాను. మూడు రోజులకు ఆయన లేరు. ఆ మాట చివరికి ఎక్కడ, ఎలా చెప్పగలిగానో, చెప్పాక నా గుండెల మీది బరువు ఎలా దిగిందో ఆయనను ఎరిగినవారికీ ఎరుగనివారికీ తెలియాలి. ఇస్లాం గురించి గ్రంథాలయంలో ఏళ్ళ తరబడి చదివి తెలుసుకున్నదానికన్నా ఆ మూడు రోజుల్లో తెలుసుకున్నది ఎక్కువని ఒప్పుకోవడం కూడా నా బాధ్యతే.

ఆదివారం ఉదయం ఆయన కుమారుడు ఇర్ఫాన్ ఫోన్ చేశాడు. నేను మూసాపేటలో కూరల బండి దగ్గర బెండకాయలు ఏరుతున్నాను. "అంకుల్, అబ్బా పోయిన్రు" అన్నాడు. "ఎవరి అబ్బా?" అని అడిగాను. తండ్రి పోయాడని చెప్పే కొడుకును ఎవరి తండ్రి అని అడిగిన తెలివి నాది. తెల్లవారి నమాజు చేసుకుని, గోడకు చేరగిలబడి, చాయ్ అడిగారట. చాయ్ వచ్చేలోగా వెళ్ళిపోయారు. బుధవారం మక్కాకు, ఉమ్రా యాత్రకు విమానం ఎక్కవలసిన మనిషి.

మాదాపూర్‌లో ఇరవై అంతస్తుల అద్దాల భవనం మాది. పైన కంప్యూటర్ల ముందు కూర్చునేవారికి చల్లదనం అందించే యంత్రాలన్నీ నేలమాళిగలో ఉంటాయి. ఆ ఏసీ ప్లాంటు గఫూర్ సాబ్‌ది, పక్కన ఉన్న కరెంటు గది నాది. తొమ్మిదేళ్ళు మా ఇద్దరి మధ్య ఉన్నది ఒక ఇనుప తలుపు మాత్రమే. ఆయన గోపన్‌పల్లిలో, అది ఇంకా పల్లెగా ఉన్నప్పుడు పుట్టారు. బాలానగర్ వర్క్‌షాపుల్లో పని నేర్చుకున్నారు. యంత్రం మీద అరచెయ్యి ఆనించి లోపల ఏ బేరింగు మూలుగుతోందో చెప్పేవారు. నా చదువు ఐటీఐతో ఆగింది. తక్కినదంతా మా పేటలోని శాఖా గ్రంథాలయం చలవే. చేతిలో పుస్తకం లేకుండా నన్నెవరూ చూసి ఉండరు. అందుకే ఆయన నన్ను పంతులూ అని పిలిచేవారు.

ఇస్లాం మీద మొదటి పుస్తకం ముగించిన మర్నాడు నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి పాఠం అప్పజెప్పాను. "విశ్వాసాలు ఆరండీ. దేవుడొక్కడే అని, ఆయన దూతలున్నారని, గ్రంథాలు పంపాడని, ప్రవక్తల్ని పంపాడని, తీర్పు దినం వస్తుందని, మంచీ చెడూ ఆయన విధించినట్టే జరుగుతాయని నమ్మడం. ఆచరణలు అయిదు. దేవుడొక్కడే, ప్రవక్త ఆయన సందేశహరుడు అని సాక్ష్యం పలకడం, అయిదు పూటల నమాజు, రంజాన్ ఉపవాసం, ఉన్నవాడు లేనివాడికిచ్చే జకాత్, శక్తి ఉంటే జీవితంలో ఒకసారి హజ్. ఈ అయిదూ స్తంభాలు."

ఆయన స్పానర్ తుడుచుకుంటూ అంతా విన్నారు. "శబాష్ పంతులూ. స్తంభాలు మంచిగ చెప్పినవ్. మరి ఇంట్ల ఎవరుంటరో చెప్పు."

"అంటే?"

"స్తంభాలు గట్టిగున్నయ్. సరే. లోపలుండే మనిషి మంచిగ కావాలె గదా. ఇల్లు కట్టింది అందుకే గద."

నేను ఊరుకోలేదు. ఇస్లాం అంటే లోబడటమని, సలాం అనే మాటకూ దానికీ మూలం ఒకటేనని, అందులో శాంతి కూడా ఉన్నదని ఆయనకే వివరించాను. ఆయన తలాడించి, "ఒక్కనికి తల వంచినంక ఇగ ఎవ్వరికీ వంచే పని లేదు. ఎంత హాయి చెప్పు" అన్నారు.

"నిన్న మేనేజరు వస్తే లేచారు కదండీ?"

"లేచిన. వంగలే."

సాయంత్రం చాయ్‌కి పై అంతస్తుల పిల్లలు కిందికి దిగేవారు. ప్లాంటు బయటి బల్ల మీద కూర్చుని ఆయనను ఏదో ఒకటి అడిగేవారు. ఏ ప్రశ్నకూ ఆయన ముఖం చిట్లించుకోవడం నేను చూడలేదు. ఒకసారి హారిక అనే ఇంజనీరమ్మాయి, "అంకుల్, మీరు చంద్రుణ్ణి పూజిస్తారా?" అని అడిగింది.

"లేదు బిడ్డా. చంద్రుడు మాకు క్యాలెండరు. నెల ఎప్పుడు మొదలైందో చూసుకుంటం, గంతే. మీ ఇంట్ల గోడకు క్యాలెండరుంటది. దానికి దండం పెడతవా?"

"పెడతాం అంకుల్. దాని మీద వెంకటేశ్వరస్వామి ఉంటాడు."

గఫూర్ సాబ్ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. ఆ తర్వాత నెలరోజులు కనబడ్డ వాళ్ళందరికీ ఆ మాట చెప్పి, "పోరి నన్ను మంచిగ పట్టింది" అని మురిసిపోయారు.

మా భవనంలో ప్రథమ చికిత్స గదిలో పనిచేసే నర్సు సుజాత గారు క్రైస్తవులు. మక్కాలోని నల్లటి గుడ్డ కప్పిన ఇంటిని మీరు పూజిస్తారు కదా అని ఆమె అడిగితే, "అది దిక్కు సిస్టర్. తలా ఒక దిక్కు తిరిగితే వరుస కుదరది. దేవుడు ఆ ఇంట్ల కూసోలే" అన్నారు. "మీ యేసు మాకు ఈసా నబీ. ప్రవక్త. మరియమ్మ గూడ మాకు శానా పెద్దామె. దేవుని కొడుకంటే మాత్రం మేం ఒప్పుకోం. ఆడికొచ్చినంక నీ దారి నీది, నా దారి నాది. ముందుగాల చాయ్ తాగు." ఏకీభవించని చోటును అంత స్పష్టంగా, అంత చల్లగా చెప్పగలవారిని నేను మరొకరిని చూడలేదు.

ఒక వేసవిలో రంజాన్ వచ్చింది. పెద్ద మోటారు ఆగిపోతే ఆయన రోజాతో, అంటే ఉపవాసంతోనే రెండు గంటలు ఆ వేడిలో కూర్చుని బాగుచేశారు. నేను మంచినీళ్ళ సీసా పట్టుకెళ్ళి, "కొంచెం గొంతు తడుపుకోండి. ఇక్కడెవరు చూస్తారు? కెమెరా కూడా లేదు" అన్నాను.

"కెమెరా లేని తానే గద రోజా" అన్నారు.

ఆ రోజే, మోటారు తిరగడం మొదలయ్యాక, నాకు రెండు రకాల హక్కుల సంగతి చెప్పారు. "అల్లా హక్కు వేరే, మనుషుల హక్కు వేరే పంతులూ. నేను నమాజు తప్పిన్ననుకో. అది ఆయనకు నాకు నడుమ. ఏడ్చి అడిగితే మాఫ్ చేస్తడు. నిన్ను ఒక మాట అని బాధపెట్టిన్ననుకో. అది ఆయన మాఫ్ చెయ్యడు. పో, పంతుల్నడుగు అంటడు."

"అయితే నాకు చాలా అధికారం ఉందన్నమాట."

"ఉన్నది. గందుకే నీతోని జర భయం."

నవ్వుకున్నాం. కాని ఆయన నన్ను నిజంగానే ఒక మాట అని ఉన్నారు. నాలుగేళ్ళ కిందట సూపర్‌వైజరు ఉద్యోగానికి నా పేరు పరిశీలనకు వచ్చింది. మేనేజరు గఫూర్ సాబ్‌ను నా గురించి అడిగారు. "పంతులా? శానా మంచోడు. కాని ఫ్యూజు పోయిందని పిలిస్తే ఫ్యూజు చరిత్ర చెప్తడు. అది అయ్యేదాంక మనం చీకట్ల కూసోవాలె" అన్నారట. మేనేజరు పగలబడి నవ్వారు. ఉద్యోగం మరొకరికి వెళ్ళింది. ఆ తర్వాత ఆ మేనేజరే సరదాగా నాకు ఈ మాట చెప్పారు. అందులో సగం నిజం ఉండటం వల్లనే అది నాకు ఎక్కువ గుచ్చుకుంది. నేను విన్నానని గఫూర్ సాబ్‌కు ఎన్నడూ చెప్పలేదు. రోజూ ఆయనతో చాయ్ తాగాను. లోపల ఆ ముల్లును అలాగే ఉంచుకున్నాను.

గురువారం మధ్యాహ్నం ఆయన నా గది తలుపు దగ్గరికి వచ్చారు. శుభ్రమైన చొక్కా వేసుకున్నారు. మరునాటి నుంచి సెలవు.

"పంతులూ, ఉమ్రాకు పోతున్న. కహా సునా మాఫ్ కరో."

అన్నవీ విన్నవీ క్షమించమని అర్థం.

"అయ్యో, ఎంత మాటండీ! మీరు నాకేం చేశారని?"

"చేసిన్నో లేదో. మాఫ్ చేసిన అను."

"పెద్దవారు, మిమ్మల్ని నేను క్షమించడమేమిటండీ? నాకు పాపం చుట్టుకుంటుంది."

"ఒక్క మాటనేవయ్యా. గంతే."

"మీరు క్షేమంగా వెళ్ళి రండి. నాకదే చాలు."

ఆయన ఇంకేదో చెప్పబోయి ఆగి, నా భుజం తట్టి వెళ్ళిపోయారు.

మా గోదావరి వైపు పెద్దవాడు క్షమించమంటే "అబ్బే" అని చెవులు మూసుకోవడమే మర్యాద. క్షమించానని అన్నవాడు పొగరుబోతు. వాళ్ళలో అలా కాదు. యాత్రకు వెళ్ళేవాడు తెలిసిన గుమ్మాలన్నీ ఎక్కి అడుగుతాడు, అవతలివాడు నోరు తెరిచి చెప్పాలి. నేను చదివిన పుస్తకాల్లో హజ్ మీద, ఉమ్రా మీద అధ్యాయాలున్నాయి కాని ఇనుప తలుపు దగ్గర నిలబడి అడిగే ఈ మాట లేదు. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ మర్యాద ఆవేళ నాకు సౌకర్యంగా ఉంది. ఫ్యూజు మాట నాలో ఇంకా చల్లారలేదు.

ఆదివారం సుజాత గారూ నేనూ ఆటోలో గోపన్‌పల్లి బయలుదేరాం. సగం దారిలో మోటారు దగ్గర ఆయనన్న మాట గుర్తొచ్చింది. పో, పంతుల్నడుగు. ఆయన వచ్చి అడిగారు. ఒకసారి కాదు, మూడుసార్లు. పంతులు చెప్పలేదు. "నేను ఆయనను గుమ్మంలోంచి ఉత్త చేతులతో పంపేశాను సిస్టర్" అని ఆటోలోనే ఏడ్చాను. ఆమె నాకు ధైర్యం చెప్పలేదు. "వెళ్ళి అడుగుదాం, ఏదో దారి ఉంటుంది" అన్నారు.

గోపన్‌పల్లిలో ఎత్తైన అపార్ట్‌మెంట్ల మధ్య పాత చిన్న మసీదు ఉంది. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఆవరణలో పాడె దించారు. జనం వరుసలు కట్టారు. సుజాత గారు వాళ్ళింట్లో ఆడవాళ్ళ దగ్గర ఉండిపోయారు, చెప్పులు విడిచే చోట నేను నిలబడ్డాను. ప్రార్థనకు ముందు ఇర్ఫాన్ వరుసల ముందుకొచ్చి ఉర్దూలో చెప్పాడు. మా నాన్న చేతి వల్ల గానీ నోటి వల్ల గానీ ఎవరికైనా బాధ కలిగి ఉంటే దయచేసి మాఫ్ చెయ్యండి అని. వరుసల్లో చిన్నగా గొణుగుడు వినిపించింది. మాఫ్ కియా, మాఫ్ కియా.

నా గొంతు నాకే తెలియకుండా లేచింది. "మాఫ్ కియా! క్షమించానండీ! మొత్తం క్షమించాను!" అని అరిచాను. జనం వెనక్కి తిరిగి చూశారు. నా పక్కన కర్ర పట్టుకుని నిలబడ్డ వృద్ధుడు నా చెయ్యి పట్టుకుని, "అంత జోర్‌గ అననక్కర లేదు బాబూ. దిల్ల అనుకున్నా సాలు" అన్నాడు. నేను నాలుగేళ్ళు దిల్‌లో అనుకోలేకపోయిన మనిషినని ఆయనకేం తెలుసు?

ఆ ప్రార్థనలో వంగడం లేదు, నేలకు నుదురు ఆనించడం లేదు. అందరూ నిలబడే చేశారు.

మట్టి వేసి తిరిగి వస్తూ ఇమాం గారిని అడిగాను. "ఆయన బతికుండగా చెప్పలేదండీ. ఇప్పుడు చెబితే చెల్లుతుందా?"

ఆయన ఆగి నావైపు తిరిగారు. "మాఫ్ చేసేటోడు బతికుంటే సాలు. నువ్వు బతికే ఉన్నవ్ గదా? అయిపోయింది. ఇగ ఫికర్ చెయ్యకు." యాత్ర చెయ్యకుండానే పోయారే అంటే, "నియ్యత్ చేసుకున్నడు. మనసుల గట్టిగ అనుకుని బయల్దేరెటోనికి అల్లా తక్కువ చెయ్యడు" అన్నారు. నియ్యత్ అంటే సంకల్పం. ఈ మాట మాత్రం పుస్తకంలో చదివాను. అయినా అక్కడ, మట్టి అంటిన చేతులతో ఒక మనిషి చెప్పగా విన్నప్పుడే నమ్మకం కలిగింది. పొద్దుటినుంచి నేను పూర్తిగా ఊపిరి పీల్చుకోలేదని అప్పుడు తెలిసింది.

మసీదు గోడ పక్కన ఇర్ఫాన్ ఇంకో సంగతి చెప్పాడు. "శనివారం అంత పరేషాన్‌గ ఉండె అబ్బా. పంతులు మాఫ్ అనలే, ఆంధ్రా మర్యాద అడ్డమొచ్చింది అన్నడు. మల్ల ఆయనే అన్నడు, తప్పు నాదే, ఏం చేసిన్నో చెప్పకుండ మాఫ్ అడిగిన, సోమవారం పోయి ఫ్యూజు ముచ్చట మొత్తం చెప్పి అడుగుత అని. ఏం ఫ్యూజు అంకుల్?"

ఆయనకు గుర్తుంది! నాలుగేళ్ళుగా నేను దాచుకున్న ముల్లు ఆయనలో కూడా ఉందన్నమాట. "ఏం లేదు బాబూ, అది ఎప్పుడో బాగైపోయింది" అన్నాను. ఆ క్షణానికి అది నిజం.

ఇప్పుడు ఆ ప్లాంటులోకి కొత్త మనిషి వచ్చాడు. పని తెలిసినవాడే. అరచేతితో కాక మీటరు పెట్టి చూస్తాడు. పిల్లలు ఇంకా కిందికి వస్తున్నారు. బల్ల మీద నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతున్నారు. నేను చదివినదంతా చెబుతాను. వాళ్ళు మర్యాదగా వింటారు. ఎవరూ నవ్వరు. ఆయన లేని లోటు ఎంతదో నాకు అప్పుడు తెలుస్తోంది. గఫూర్ సాబ్, మీకు నా సలాం.

ఈ వ్యాసంలోని ఉర్దూ మాటలు సరిచూసిన ఇర్ఫాన్‌కు, మతపరమైన విషయాల్లో నా పొరపాట్లు దిద్దిన ఇమాం అబ్దుల్ హలీం గారికి, నా చెయ్యి పట్టుకున్న యూసుఫ్ గారికి, ఆటోలో నన్ను ఏడవనిచ్చిన సుజాత గారికి, క్యాలెండరు సంగతి తన పేరుతోనే రాయమన్న హారికకు, గడువు దాటిన మూడు పుస్తకాలను ఏమీ అనకుండా మళ్ళీ నా పేరనే రాసిన గ్రంథాలయాధికారిణి విజయలక్ష్మి గారికి కృతజ్ఞతలు. చివరిగా నా భార్య వరలక్ష్మికి. ఆ ఆదివారం ఇంటికొచ్చి స్నానం చేసి, వంటింటి గుమ్మంలో నిలబడి, ఇన్నేళ్ళలో నేనన్న మాటలన్నీ క్షమించమని ఆమెను అడిగాను. ఆమె అబ్బే అనలేదు, చెవులూ మూసుకోలేదు. పొయ్యి కట్టేసి, పీట వాల్చుకుని కూర్చుని, "ఒక్కొక్కటే చెప్పండి, వింటాను" అంది. దీపం పెట్టే వేళకు మేమింకా పెళ్ళయిన మూడో ఏడు దగ్గరే ఉన్నాం.