రైసుమిల్లు వీర్రాజుగారి రచనలు

మా లైబ్రరీ పాత కేటలాగు పుస్తకాన్ని దిద్ది, కార్డుల్లోకి ఎక్కించే పని నాది. గొడవేంటంటే, పాత లైబ్రేరియన్‌గారు పుస్తకాలు దానమిచ్చినవాళ్ళ పేర్లను మర్యాద కోసం రచయిత గడిలో రాసేశారు. ఆ లెక్కన రైసుమిల్లు వీర్రాజుగారు బీజగణితం నుంచి ప్రసూతి వైద్యం దాకా అన్నీ రాశారు. వారం నుంచి ఆయన పేరు కొట్టేసి అసలు రచయితల్ని నిలబెడుతున్నాను.

ఈ మధ్యాహ్నం ఆయనే వచ్చారు, ఆత్రేయపురం నుంచి దిగిన కొత్త వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని.

"అమ్మాయ్, బావగారికి నేను రాసిన పుస్తకాలు చూపించు."

"అవి మీరు ఇచ్చినవి కదండీ" అనబోయాను. ఆయన బల్ల మీదికి వంగి, "ఆ దిద్దుబాటేదో ఈయన బస్సెక్కాక చేసుకో తల్లీ" అని గొణిగారు. నుదుటి నిండా చెమట. జాలేసి, ఇంకా దిద్దని పేజీ తెరిచాను.

వియ్యంకుడుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "ప్రసూతి వైద్యం కూడా మీరేనాండీ, బావగారూ?"

"ఏదో, కుర్రతనంలో సరదా అండీ."

గుమ్మం దాటాక వియ్యంకుడుగారు ఒక్కరే వెనక్కొచ్చారు. "మా ఇంట్లోనూ రెండు పెట్టెల పుస్తకాలున్నాయమ్మా. పట్టుకొస్తే నా పేరు కూడా ఆ గడిలోనే రాస్తావా?"

కార్డుల పద్ధతి సోమవారం నుంచి. పాత పుస్తకంలో ఇంకో పేజీ ఖాళీగా ఉంది. మీలో ఎవరికైనా రచయిత కావాలనుంటే త్వరపడండి.