ఎడమ చక్రపు చప్పుడు

ఆ వేసవిలో నా భార్య వెన్నెముకలోని వ్యాధికి నగరంలోని ఆసుపత్రిలో రేడియేషన్ ఇచ్చేవారు, మా వాడుకలో కరెంటు పెట్టేవారు. ఆదివారం తప్ప ప్రతిదినమూ సంగారెడ్డి నుండి పోయి రావాలి. బస్సులో నిలబడడం అటుంచి, కూర్చోవడం కూడా ఆమెకు అసాధ్యం. కాబట్టి నా పాత కారే మాకు శరణ్యమైంది. ఆ కారు సరిగ్గా ఆ రోజుల్లోనే చప్పుడు చేయసాగింది.

చదునైన దారిలో దానికి ఏ జబ్బూ ఉండేది కాదు. ఎడమ చక్రం గుంతలో దిగినా, ముందు లారీ ఆగి నేను బ్రేకు తొక్కినా, కాళ్ళకింద సమ్మెటతో మోదినట్టు ఖటుక్కుమనేది. మరుక్షణం స్టీరింగు నా చేతుల్లో చలిజ్వరపు మనిషిలా వణికేది. ఆ వణుకు బండి అంతటా పాకి, పక్కసీటులో దిండ్లకు ఆనుకొని ఉన్న ఆమె నడుమును చేరేది. ఆమె కేక వేసేది కాదు. తలుపు పిడిని బిగబట్టి, పెదవి కొరికి, కళ్ళు మూసుకొనేది. దారిని చూడవలసిన నేను ఆ పెదవినే చూస్తూ బండి నడిపేవాణ్ణి.

పటాన్‌చెరులో రోడ్డుపక్క రేకుల షెడ్డు కింద పనిచేసే మిస్త్రీ మాకు చిరపరిచితుడు. తిరుగు ప్రయాణంలో ఆయన ముందు బండి ఆపడం మాకు నిత్యవిధి అయింది.

"మల్ల వచ్చిన్రా సార్! మీరు బండిని తిప్పుతున్రా, బండి మిమ్ములను తిప్పుతుందా?" అనేవాడు.

చక్రాలు విప్పి సరితూచాడు. స్టీరింగు కడ్డీల కొసలు మార్చాడు. ఇంజను కింది దిమ్మలు మార్చాడు. "ఇగ బేఫికర్‌గ పోన్రి. సప్పుడొస్తే నా మీసం గీకిస్త" అన్నాడు ఒకనాడు. ముత్తంగి దాటకముందే చప్పుడు వచ్చింది. మరునాడు నేను ఆయన మీసంకేసి చూడగా, "ఉండనియ్యిన్రి సార్, గీకితే ఇంట్లామె గుర్తువట్టక తలుపు తియ్యదు" అన్నాడు. షెడ్డు నీడలో మిస్త్రీ వేసిన మంచం మీద పడుకొని ఉన్న నా భార్య నవ్వింది. నవ్వితే నడుము నొచ్చి, ఆ నవ్వును అక్కడే ఆపుకొంది.

శనివారం నాటికి నాకు దిక్కు తోచని స్థితి ఏర్పడింది. చికిత్స మధ్యలో ఆగితే చేసినదంతా వ్యర్థమవుతుందని వైద్యుడు హెచ్చరించాడు. అంతకు ముందురోజే ఆమె కారు దిగుతూ, "ఇట్ల ఇంకెన్నొద్దులు?" అని అడిగింది. ఆ ప్రశ్నలో నాకు వినిపించిన అలసట మునుపెన్నడూ వినలేదు.

ఆనాడు మిస్త్రీ బండి కింద దూరి ఎడమ చక్రాన్ని ఊపి చూశాడు.

"అన్నీ పోయినా ఈ ఒక్కటి మాత్రం జబర్దస్త్ ఉంది సార్. ఎవలు చేసిన్రు ఈ బుష్షు? మనం పోయినా ఇది పోదు."

చక్రాన్ని మోసే ఇనుపచెయ్యి ఇరుసు మీద కదిలేచోట మధ్యన రబ్బరు గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని బుష్షు అంటారు. మా కారుకు అది చిరిగిపోతే, అంత పాత బండి సామాను అంగళ్ళలో దొరకలేదు. అయినా ఫ్యాక్టరీలున్న మా ప్రాంతంలో చేయించుకోలేని వస్తువు ఉండదు. ప్రతి ఇంటికీ లేత్ మిషను మీద పనిచేసే చుట్టం ఒకడు ఉంటాడు, కావలసినదాన్ని కోసి తెస్తాడు. నా బావమరిది ఒక ఫ్యాక్టరీలో టర్నరు. కంచువంటి గట్టి లోహంతో తానే బుష్షు చేసి, ప్రెస్సుతో బిగించి ఇచ్చాడు. మామగారి పొలం ఆ ఫ్యాక్టరీల కిందకే పోయింది. ఆ డబ్బు పంచుకొనే పంచాయితీలో అక్కాతమ్ముళ్ళకు మాటలు పోయాయి. అక్క జబ్బు సంగతి విని అతడు మా గడప తొక్కి చేసిన మొదటి పని ఆ బుష్షు. దాన్ని చూస్తే నాకూ గర్వంగానే ఉండేది.

"ఎప్పటి సంది వస్తుంది సార్ ఈ సప్పుడు?" అని మిస్త్రీ అడిగాడు.

ఆ దినాలన్నీ నాకు కలగాపులగమై ఉన్నాయి. నా భార్యను అడిగాను.

"నాకు యాదిలేదు" అంది ఆమె.

ఏ ఆవు ఏ కార్తెలో ఈనిందో, ఏ చుట్టం ఏ పెండ్లిలో ఏ మాట అన్నాడో మరువని మనిషి ఆమె. నేను ఇంకేమీ అడగక బండి తీశాను. ముత్తంగి దాటి, లారీలు బారుగా నిలిచిన చోట పక్కకు ఆపాను.

"నిజం చెప్పు. నీకు తెలుసు."

కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది.

"తెల్వకేంది? మా తమ్ముడు ఏసిన తెల్లారి సంది వస్తుంది. నా కాళ్ళ కిందనే గదా అది."

"మరి ఇన్నాళ్ళూ..."

"ఇన్నేండ్లకు వచ్చిండు వాడు. ఒక్క పని చేసిండు. అది కూడ తప్పంటే ఏమనుకుంటడు? వానికి చెప్పకున్రి. సోమవారం సంది నేను రాను. నేను ఎక్కకుంటే ఆ సప్పుడు ఎవలకు నొప్పి? ఆ కరెంటేదో మీరే పెట్టిచ్చుకొని రాన్రి."

ఇంటికి వచ్చేదాకా ఎంత బతిమాలినా ఆమె పట్టు విడువలేదు. గుట్టుగా బుష్షు మార్పిద్దామా అంటే ఆ దారీ మూసుకుపోయింది. ప్రతి ఆదివారం బావమరిది రాగానే ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, తన పనితనాన్ని గుడ్డతో తుడిచి గాని లోపలికి వచ్చేవాడు కాదు. చెబితే తమ్ముడు పోతాడు, చెప్పకుంటే చికిత్స పోతుంది. ఈ రెంటి నడుమ నేను ఊపిరాడక తెల్లవార్చాను.

ఆ ఆదివారం అతడు ఈతపండ్ల బుట్టతో వచ్చాడు. అలవాటుగా చక్రం దగ్గరికి నడిచాడు. లోపలినుండి ఆమె, "ముందు బువ్వ తిందువు రారా" అని రెండుమార్లు పిలిచింది. నేను అతని పక్కన కూర్చుని ఉన్నమాట చెప్పేశాను.

"ఖరాబైందా బావా?"

"చెడలేదు. గట్టిగా ఉన్నది. ఆ గట్టితనమే మీ అక్క నడుముకు తగులుతున్నది."

అతడు పండ్ల బుట్ట పక్కన పెట్టాడు. చక్రాన్ని జాకీ మీద లేపి, గడ్డపారతో ఇనుపచేతిని ఎత్తి చూశాడు. ఖటుక్కుమంది. బుష్షు అరగలేదు, దాని లోపలి ఇరుసే అరిగి, చేతితో ఊపితే తెలియని సందు పడింది. అతడు గడ్డపార పడేసి లోపలికి పోయాడు.

"ఒక్కమాట జెప్పరాదే అక్కా? ఇన్నొద్దులు ఓర్సుకుంటవా?"

"చెప్తే అలిగిపోయి మల్ల పండ్రెండేండ్లకు గాని రావని."

"గట్లనా నేను?"

"గట్లనే. మా నాయిన పోలిక. మూతి గూడ గదే."

అతడు నవ్వలేదు. బయటికి వచ్చి స్కూటరు తీసుకొని పోయాడు. ఆమె నన్ను చూసిన చూపును నేను నేటికీ మరువలేను. "పంపిచ్చిన్రు గదా" అని మాత్రం అంది. మధ్యాహ్నం గడిచింది. ఆమె అన్నం ముట్టలేదు. నేనూ ముట్టలేదు. ఈతపండ్ల మీద ఈగలు ముసిరాయి.

పొద్దు వాలేవేళ స్కూటరు చప్పుడైంది. పటాన్‌చెరు పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగి, జోగిపేట దాకా పోయి, తుక్కుకు వేసిన కారొకదాని నుండి రబ్బరు బుష్షునూ ఇరుసునూ విప్పించుకొని వచ్చాడు. తాను బిగించినది ఎంత కొట్టినా రాలేదు. హాక్సా రంపంతో కోయవలసి వచ్చింది. నేను దీపం పట్టుకొన్నాను. బండి కిందనుండి అతని గొంతు వినిపించింది.

"మెత్తది జల్దీ అరుగుతది బావా. అక్కను శానా ఏండ్లు తిప్పాల్నంటే గట్టిది ఉండాలె అనుకున్న."

దీపాన్ని ఇంకొంచెం దగ్గరికి జరిపాను.

సోమవారం అతడు పనికి సెలవు పెట్టి తానే స్టీరింగు ముందు కూర్చున్నాడు. నా భార్య గడపలోనే ఆగింది. "ఎక్కు అక్కా" అన్నాడతడు. ఎక్కింది. నేను వెనుక కూర్చున్నాను.

మొదటి గుంతలో చప్పుడు లేదు. రెండవదానిలోనూ లేదు. స్టీరింగు అతని చేతుల్లో కదలక నిలిచింది. పటాన్‌చెరు దాటాక రోడ్డు తవ్విన చోట బండి కొంచెం ఎగిరి దిగింది. ఏ మోతా లేదు. అయినా ఆమె తలుపు పిడిని బిగబట్టి పెదవి కొరికింది.

"ఇంకా ఉన్నదా అక్కా?" అన్నాడు గాభరాగా.

"బండిది పోయిందిరా. ఇది నాది" అంది ఆమె.

అతడు వేగం తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. వెనుక లారీలు హారను మోగిస్తూ, తిడుతూ మమ్మల్ని దాటిపోయాయి. అతడు వినిపించుకోలేదు. ఆసుపత్రికి చాలా ఆలస్యంగా చేరాము. వరుసలో చిట్టచివర నిలబడ్డాము. మా వంతు వచ్చాక ఆమెను కరెంటు గదిలోకి తీసుకొనిపోయారు.