నీలవేణి మొదటి కరపత్రం

మా జగన్నాధం బావ కోటబొమ్మాళి స్టేషన్లో గూడ్సు గుమస్తా. నేను అక్కడే టిక్కెట్ల కిటికీలో కూర్చునేవాణ్ణి. బావ కంటే ముందు బావ అనుమానం పుట్టిందనేవాళ్లం. టీ నీళ్లనీళ్లగా ఉంటే కొట్టు ఎర్రన్నని నిలదీసేవాడు. చిక్కగా ఉంటే, ఇవాళేటి విశేషమని మళ్లీ ఎర్రన్ననే నిలదీసేవాడు.

ఆయనకున్న పిచ్చి ఒక్కటే, నాటకాల కరపత్రాలు. పద్యనాటకం ఆడే ముందురోజు డప్పు కొట్టుకుంటూ ఊరంతా పంచే రంగు కాగితాలు. జనం వాటిలో పకోడీలు పొట్లం కట్టుకుంటే ఈయన మడతలు పోగొట్టి ట్రంకుపెట్టెలో దాచేవాడు. అందులోనూ ప్రతి నటుడిదీ మొట్టమొదటిదే కావాలి. ఏది మొదటిది అన్నదానికి, నటుల పేర్లు రాసుకునే నోటుపుస్తకం అట్ట మీద చట్టం రాసుకున్నాడు. పేరు అచ్చులో ఉండాలి. "ఇంకా పలువురు" అన్నదాంట్లో కలిసిపోతే పనికిరాదు. ఆట అయ్యాక అచ్చేసింది చెల్లదు. విజయనగరంలో ఇదే పిచ్చి ఉన్న నరసింగరావు మాత్రం ఫొటో ఉంటేనే మొదటిదనేవాడు. ఇద్దరూ ఉత్తరాల్లో తిట్టుకునేవారు. ఒకసారి నరసింగరావు కొత్త కాగితాన్ని టీ డికాషన్లో ముంచి, పాతదని ఈయనకి అంటగట్టాడు. అప్పట్నుంచి బావ ఏ కాగితాన్నీ వాసన చూడందే పెట్టెలో పెట్టలేదు.

రాణి వేషానికి పేరుపడ్డ నీలవేణి మొదటి కరపత్రం కోసం పదేళ్లు వెతికాడు. అరవై ఎనిమిదిలో, ఎండుచేపల గంపతో రోజూ రైలెక్కే గురమ్మ దాన్ని తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది.

బావ వాసన చూశాడు. చేపల వాసన తప్ప ఇంకేం తగల్లేదు. పాత పంచాంగం తీసి తేదీకి వారం కుదిరిందో లేదో చూశాడు. కుదిరింది. దాంతో ఆయన అనుమానం ఇంకా ఎక్కువైంది.

"ఎంతకిస్తావు?"

"డబ్బులొద్దు బాబూ. నీ పుస్తకంలో నా పేరు రాయి, సాలు."

"మజ్జిన నీ పేరెందుకు?"

"ఈ కాయితంలో ఆట దినం నీలవేణమ్మకి జొరం. రానేదు. నాను నాటకం కంపెనీలో వంట సేసీదాన్ని. పద్దేలన్నీ ఇని ఇని నోటికొచ్చీసినాయి. కాంట్రాక్టరు నాకు రాణి ఏసం కట్టించీసినాడు. జెనం నీలవేణే అనుకున్నారు. ఆ ఒక్క ఆటే నానాడింది. నా పేరు ఏ కాయితం మీదా నేదు."

ఆమె వెళ్లాక బావ నా మీద పడ్డాడు.

"సూసినావా? డబ్బొద్దంట! డబ్బొద్దన్నోళ్లనే కనిపెట్టి ఉండాల. దీనెనకాల నరసింగరావున్నాడు."

నాకు ఒళ్లు మండింది. "సేపలమ్ముకున్నదానికి ఇజీనగరంలో కుట్రలేటి బావా?" అన్నాను. కానీ ఆయన బాధ నాకు తెలుసు. గురమ్మ మాట నిజమైతే పదేళ్ల వేట నీళ్లపాలే. పేరు ఒకరిదీ ఆట ఇంకొకరిదీ అయితే, ఆ కాగితం ఎవరి మొదటిదని రాయాలి?

ఆదివారం నన్ను లాక్కుని అరసవల్లిలో నీలవేణి ఇంటికి వెళ్లాడు. ఆవిడ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"నాను ఎల్లనేదు బాబూ, జొరం. మర్నాడు కాంట్రాక్టరు, ఆట అదిరిపోనాది, పేరు నీకే వొచ్చింది, నోరు మూసుకో అన్నాడు. మూసుకున్నాను. నా బదులు ఎవలాడినారని అడగనైనా నేదు." ఆవిడ కళ్లు తుడుచుకుంది.

గుమ్మం దాటగానే బావ, "ఇద్దరూ కూడబలుక్కోనేదు గదా?" అన్నాడు. బస్సు దగ్గరికి వచ్చేసరికి ఆయనే, "కూడబలుక్కుంటే ఈవిడకేటి లాభం, ఉన్న పేరు పోడం తప్ప" అని గొణుక్కున్నాడు.

మర్నాడు అట్ట మీద చట్టానికి ఒక ముక్క కలిపాడు. అచ్చులో పేరు ఎవరిదైనా, ఆడినవారిదే కాగితం. నీలవేణి పేజీ ఖాళీగా వదిలేసి, కొత్త పేజీలో గురమ్మ పేరు రాసి, రైలుకి వచ్చిన ఆమె వైపు పుస్తకం తిప్పాడు.

గురమ్మకి చదువు రాదు. అక్షరాల్ని చూసింది, బావని చూసింది. పుస్తకం పట్టుకుని నా కిటికీ దగ్గరికి వచ్చేసింది.

"ఆ బాబు ఇంకెవల పేరైనా రాసీసినాడేటో. నువ్వు సదువు."

బావ బల్ల దగ్గర్నుంచి లేచి ఆమె వెనకే వచ్చాడు. నాకు లోపల ఎంత సంతోషమేసిందో!

"రాణి వేషం, గురమ్మ" అని చదివాను.

"సరీగా సూసి సదువు."

మళ్లీ చదివాను. అప్పటికి టిక్కెట్ల కోసం అయిదారుగురు చేరారు. గురమ్మ గంప కింద పెట్టి, వాళ్ల వైపు తిరిగి నిలబడింది.

"గట్టిగా సదువు బాబూ, ఆళ్లకి ఇనబడాల."