ఊరు పెరగడమంటే

తొంభైల్లో నేను దోహాలో ఒక కంపెనీ ఆఫీసులో టైపిస్టును. మా ఇంజనీరుది ఫిన్లాండ్. తన ఊరి గురించిన చిన్న పుస్తకం ఒకటి నాకిచ్చాడు. జనాభా, ఇళ్ళు, ఉద్యోగాలు ఏటేటా పెరుగుతున్నాయని అందులో అంకెలున్నాయి. సాయంత్రం మా పనివాళ్ళంతా ఉండే క్యాంపులో బిగ్గరగా చదివాను. బుద్ధి లేక చేసిన పని. ఊరు పెరుగుతోందంటే అక్కడ పనివాళ్ళ కోసం వీసాలు తీస్తున్నారనే మా అందరి లెక్క.

"సార్‌కు ముందుగాల నా పేరే చెప్పాలె," అంటూ కరీంనగర్ మేస్త్రీ పుస్తకం లాక్కున్నాడు.

"నీకన్న ముందు నేనడిగిన," అని నా గదిలో ఉండే వెల్డర్ అతని గొంతు పట్టుకున్నాడు.

విడదీయబోతే మేస్త్రీ మోచెయ్యి తగిలి నా పెదవి చిట్లింది. ఒళ్ళు మండిపోయింది. పొయ్యి మీది గిన్నె తీసి అతని నెత్తిన కొట్టాను. తల పగిలి రక్తం ఆ అంకెల మీద పడింది.

మర్నాడు వాచిన మూతితోనే ఇంజనీరును నిలదీశాను, వీసాలు ఎప్పుడిస్తారని.

"వీసాలేమిటి?" అన్నాడాయన తెల్లబోయి. "మా ఊళ్ళో పిల్లలు పుడుతున్నారు. అందుకే పెరుగుతోంది."

నేను తల పగలగొట్టిన మనిషికి ఇంటి దగ్గర కూతురు పుట్టి మూడేళ్ళయింది. అతనింకా ఆ పిల్ల మొహం చూడలేదు.