కరెంటాయన ఇంట్లో చేపల తొట్టి

వీధిలో అందరూ ఆయన్ని కరెంటాయన అనేవారు. ముప్పయ్యేళ్లుగా ఇళ్లకు వైరింగు చేస్తున్నా కరెంటంటే ఆయనకు హడలే. ఆ భయం వల్లే ఇన్నాళ్లూ బతికి బట్టకట్టాడని భార్య వేళాకోళమాడేది. ఆమె బట్టలు కుట్టేది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక మిషను తొక్కలేక ముందుగదిలో కుర్చీకి అతుక్కుపోయింది.

"ఈ గోడను చూసీ చూసీ విసుగొచ్చేసింది. ఓ చేపల తొట్టి పెట్టండి. లోపల ప్లాస్టిక్‌వి కాదు, నిజం మొక్కలే ఉండాలి," అంది ఒకరోజు.

ఆయన మనసులోనే లెక్క వేసుకున్నాడు. నీళ్లు, వాటి మీద లైటు, పక్కనే మోటారు. అయినా కాదనలేక రెండడుగుల తొట్టి తెచ్చాడు.

"ముందు మొక్కలు నాటి నెలరోజులు ఊరుకో అన్నా. నీళ్లు కుదురుకున్నాకే చేపలు," అన్నాడు చేపల దుకాణమతను.

అడుగున మట్టి, దానిమీద ఇసుక పరిచి, ముందురోజు పట్టి ఉంచిన నీళ్లను మట్టి లేవకుండా పళ్లెం మీదుగా పోశాడు. రిబ్బన్లలాంటి ఆకులున్న మొక్కల్ని వెనక నాటాడు. ఇసుకలో పాతితే కుళ్లిపోయే రకం మొక్కనేమో ఆమె కుట్టుదారంతో రాయికి కట్టి ఇచ్చింది. లైటు వైరు ప్లగ్గుదాకా అందకపోతే లైటు పక్కనే ఇంకో ముక్క కలిపి టేపు చుట్టాడు.

మూడోరోజుకు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. ఆకులు కరిగి రాలసాగాయి. దుకాణానికి పరిగెడితే, "మామూలే అన్నా. దాన్ని కెలక్కు, చాలు," అన్నాడతను. వారానికి నీళ్లు తేటపడ్డాయి. నెల దాటాక ఆరు చిన్న చేపలొచ్చాయి. అయినా పనిలో ఉండగా ఇంటినుంచి ఫోనొస్తే చాలు, తొట్టి పగిలిందా అని ఆయన ముందే అడిగేవాడు.

ఓ మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చినప్పుడు ఆమె మామూలుగా అంది.

"కుళ్లిన ఆకు తీద్దామని చెయ్యి పెడితే చీమ కుట్టినట్టు ఉంటోందండీ. ఈ చేపలు కొరుకుతాయా ఏం?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఎప్పట్నించి?"

"నిన్నా, ఇవాళా."

"కాళ్లకు చెప్పులున్నాయా?"

"డాక్టరు తియ్యొద్దన్నాడుగా."

టెస్టరు కొన నీళ్లకు ఆనించగానే అందులో బుల్లి దీపం ఎర్రగా వెలిగింది. మెయిన్ ఆపేసి, తడుముకుంటూ వైరు వెంట వెళ్లాడు. నీటి ఆవిరికి టేపు ఊడి, రాగితీగ లైటును పట్టి ఉంచే ఇనపరేకుకు తగులుతోంది. ఆ రేకు అంచు నీళ్లలో మునిగి ఉంది. ఊడిన టేపును ఆయన వేళ్లతో పట్టి చూశాడు.

"ఈ అతుకు నేను వేసిందే," అన్నాడు. "ఆ చెప్పుల్లేకపోతే ఏమయ్యేదో! వేరేవాళ్లింట్లో ఎవడైనా ఇలా వేస్తే చెడామడా తిట్టేవాణ్ణి."

ఆమె తన చెప్పుల వంక చూసుకుంది. కాళ్లు కుర్చీ కిందికి లాక్కుంది.

మర్నాడే అతుకు లేని లైటు తెచ్చాడు. కరెంటు కాస్త లీకైనా టక్కున ఆగిపోయే స్విచ్చు కూడా బిగించాడు. ఎన్నో ఇళ్లకు పెట్టి, సొంతింటికి రేపూ మాపూ అంటూ వాయిదా వేసిన స్విచ్చు అది. అయినా వారంపాటు ఇద్దరూ తొట్టి దగ్గరికి పోలేదు. చేపలకు మేత కూడా దూరంనుంచే విసిరేవారు.

ఒక ఉదయం ఆయన ప్లగ్గులన్నీ పీకి, చొక్కా చేతులు మడిచి, చెయ్యి మోచేతిదాకా నీళ్లలో పెట్టాడు.

"మీ చెయ్యి వణుకుతోంది," అంది.

"వణకనీ."

కుళ్లిన ఆకులు రెండు తీసి పక్కన పెట్టాడు. ఆమె కుర్చీ ఓ జానెడు ముందుకు జరిపింది.

"ఎడంవైపు రాతి వెనకాల ఇంకోటుంది, చూడండి," అంది.