బటన్ బయట ఎర్ర చుక్కలు

2018 వానాకాలం. అప్పట్లో పటాన్‌చెరు నుంచి గుమ్మడిదల దాకా ఏ మందుల కంపెనీ కంట్రోల్ రూంలో తెర వెలిగినా దాని వెనక ఉన్నది నా ప్రోగ్రామే. ఇలా చెప్పుకోవడం నాకు అలవాటు. పెళ్లిళ్లలో పక్కన కూర్చున్నవాళ్లు శ్రద్ధగా వింటారు కూడా. నిజానికి మొత్తం మూడు కంపెనీలు. వాటిలో ఒకదానికి చేసింది లారీలు తూచే వేబ్రిడ్జికి చిన్న తెర. కానీ ఇప్పుడు చెప్పబోయే కంపెనీ నిజంగానే పెద్దది. అక్కడి రియాక్టర్ల తెరలు నిజంగానే నేను రాసినవి.

రియాక్టర్ అంటే మందు ఉడికే పెద్ద స్టీలు పాత్ర. అది మరీ వేడెక్కితే చుట్టూ ఉన్న గొట్టాల్లోకి చల్లటి నీళ్లు వదలాలి. పూర్వం ఆపరేటర్ పక్కనే నిలబడి చక్రం లాంటి వాల్వు తిప్పేవాడు. నేను వచ్చాక ఆ చక్రం పోయి తెర మీద బటన్ అయింది.

ఒక రోజు ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ చేశాడు. "సార్, సాయిలు అని మా ఆపరేటర్. రెండు బ్యాచ్‌లు పాడుచేశాడు. నీళ్ల బటన్ నొక్కానంటాడు. కంప్యూటర్ చూస్తే నొక్కినట్టు లేదు. మీ సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదని మీరొచ్చి ఒక్క మాట చెబితే ఇతన్ని ఇంటికి పంపించేస్తాం."

ఆ ఒక్క మాట చెప్పడానికే వెళ్లాను. నా ప్రోగ్రాంలో లోపమా?

సాయిలు యాభై దాటిన మనిషి. ఊరు గుమ్మడిదల పక్కనే. పొలం పని వదిలి కంపెనీలో చేరి చాలా ఏళ్లయింది. కూతురు సంగారెడ్డిలో నర్సింగ్ చదువుతోంది. ఇంట్లో నెలనెలా జీతం తెచ్చేది అతనొక్కడే.

"నొక్కిన సారు, దుర్గమ్మ తోడు," అన్నాడు నన్ను చూడగానే. "నీళ్లు రాకపోతే మల్ల నొక్కిన. ఇన్నేండ్లల్ల గీ కంపెనీల ఒక్కనాడు అబద్ధమాడలే. గిప్పుడు గీ డబ్బ నన్ను అబద్ధాలకోరును సేసింది."

"ఆ డబ్బ నాదే సాయిలూ."

"గందుకే మీకు సెప్తున్న."

ఇక్కడ నా పనిని కాస్త విప్పి చెప్పాలి. తెర మీదికి బటన్లు, గడులు తయారుగా అందించే సరంజామాను మేము టూల్‌కిట్ అంటాం. దాంతో రాసిన ప్రోగ్రాం తనంతట తాను ఏమీ చేయదు, కాచుకుని కూర్చుంటుంది. మౌస్ కదిలినా, నొక్కినా, వదిలినా దానికొక కబురు వస్తుంది. ఆ కబురే ఈవెంట్. ఏ కబురు వస్తే ఏం చేయాలో నేను రాసిపెట్టిన ముక్క హ్యాండ్లర్. నొక్కడం ప్రెస్, వదలడం రిలీజ్. రెండూ ఒకే బటన్ మీద జరిగితేనే టూల్‌కిట్ దాన్ని క్లిక్ అంటుంది. నొక్కి, పక్కకు జరిపి వదిలితే మనిషి మనసు మార్చుకున్నాడనుకుని ఊరుకుంటుంది. అది లోపం కాదు, మర్యాద. పొరపాటున నొక్కినవాడికి వెనక్కి తగ్గే దారి. నా హ్యాండ్లర్ క్లిక్‌కు మాత్రమే పలికేది. ప్రెస్సూ రిలీజూ విడివిడిగా వచ్చిపోతే పట్టించుకునేది కాదు, లెక్కలో రాసేదీ కాదు.

సాయిలు చేతిని చూడగానే నాకు సంగతి అర్థమైపోయిందని చాలామందికి చెప్పాను. అబద్ధం. రెండు రోజులు అతని వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నా ఏమీ కనిపెట్టలేకపోయాను. టీ వచ్చినప్పుడల్లా "ఇప్పుడే తాగిన" అనేవాడు. మౌస్ పట్టుకునేటప్పుడు ఎడమ చేత్తో కుడి మణికట్టును అదిమిపెట్టేవాడు. రెండూ చూశాను. ఒకదాన్ని ఇంకోదానితో కలిపి చూడలేదు.

ఇక ఏమీ తోచక ఒక పరీక్ష తెర రాశాను. అదే బటన్, కానీ ఏ వాల్వుకూ తగిలించలేదు. ప్రెస్ జరిగిన చోట ఆకుపచ్చ చుక్క, రిలీజ్ జరిగిన చోట ఎర్ర చుక్క పడుతుంది. మేనేజర్ భోజనానికి వెళ్లినప్పుడు సాయిలును కూర్చోబెట్టాను.

"నొక్కుతూ ఉండు. ఆపమనేదాకా ఆపకు."

నొక్కాడు. ఆకుపచ్చ చుక్కలన్నీ బటన్ లోపలే పడ్డాయి. ఎర్రవి కొన్ని లోపల, చాలావరకు బయట. ఎండుమిరపకాయ విరిస్తే గింజలు చెదిరినట్టు బటన్ చుట్టూ చెదిరిపోయాయి.

"గీ ఎర్ర సుక్కలన్ని నాయేనా సారు?"

"నీవే. నువ్వు నొక్కింది నిజమే. వదిలేటప్పుడు చెయ్యి జరుగుతుంది."

అతను మౌస్ వదిలి చేతిని బల్ల కిందికి తీసుకున్నాడు. "అంటే నేను అబద్ధమాడలే."

"ఆడలేదు."

ఒక్క క్షణం ముఖం విప్పారింది. పద, మేనేజర్‌కు చూపిద్దాం అంటూ లేచాను. సాయిలు నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టులోనే వణుకు తెలిసింది.

"కూసోండ్రి సారు. సూపిస్తే ఏమంటడు? సాయిలు అబద్ధమాడలే, సాయిలు సెయ్యి వణుకుతుంది అంటడు. వణికే సెయ్యిని రియాక్టర్ కాడ ఎవడు ఉండనిస్తడు? అబద్ధమాడినోడనైనా పోతా, నిజం సెప్పినోడనైనా పోతా."

"మరి వాల్వు తిప్పినన్ని రోజులు?"

"రెండు సేతులతోని పట్టుకుంటుంటి. గప్పుడు ఆ చక్రమే నా సేతుల్ని పట్టుకునేది సారు. గీ ఎలుక పట్టుకుంటదా?"

నవ్వబోయి ఆగిపోయాను. ఇది కంపెనీలో రసాయనాల వాసన పీల్చడం వల్ల కాదు కదా అని అడిగాను.

"ఏమెరుక? మా నాయనకు గూడ వణికేది. ఆయన కంపెనీ మొఖమే సూడలే. గిది కంపెనీదో, మా నాయనదో."

"డాక్టర్‌కు చూపించుకో సాయిలూ. ఆలస్యం చేయకు."

"బిడ్డ సదువు అయిపోనియ్యుండ్రి. సూపించుకుంట. గప్పటిదాంక జెర మీ కడుపుల వెట్టుకోండ్రి."

మేనేజర్ తిరిగొచ్చాడు. లోపం నా ప్రోగ్రాందే అని చెప్పాను. జన్మంతా లేని గొప్పలు చెప్పుకున్నవాణ్ణి, ఆ పూట లేని తప్పు చెప్పుకున్నాను. "మీ సాఫ్ట్‌వేర్‌లో ఈగ కూడా దూరదన్నారు కదా సార్!" అని అతను వెక్కిరించాడు. సాయిలుకు అంతకుముందు ఇచ్చిన సంజాయిషీ మెమో వాపసు తీసుకున్నాడు. తప్పు ఒప్పుకోవడంతో నాకు రావాల్సిన పెద్ద కాంట్రాక్టు చేజారిపోయిందని ఆ తర్వాత అందరికీ చెప్పుకున్నాను. పోయిందేమీ లేదు. వచ్చేదేమీ లేదు కూడా.

నీళ్ల బటన్‌ను క్లిక్ దాకా ఆగకుండా ప్రెస్ దగ్గరే పలికేలా మార్చాను. చల్లటి నీళ్లు పొరపాటున వచ్చినా ముప్పు లేదు. పాత్రను వేడెక్కించే ఆవిరి బటన్‌కు మాత్రం ఆ పని చేయలేదు. దాన్ని అరచెయ్యంత పెద్దది చేసి మిగతావాటికి దూరంగా జరిపాను. ఆపరేటర్లందరూ బాగుందన్నారు. ఆ తర్వాత సాయిలు చేతిలో బ్యాచ్ చెడలేదు. కూతురి చదువు పూర్తయ్యేదాకా అదే కుర్చీలో, అదే గాలిలో పనిచేసి, తనంతట తానే మానేశాడని విన్నాను.

కొన్నేళ్లకు అటువైపు వెళ్లినప్పుడు వాళ్లింటికి పోయాను. సాయిలు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. కూతురు టీ తెచ్చింది. నా గ్లాసు నా చేతికిచ్చి, రెండో గ్లాసు తనే పట్టుకుని తండ్రి నోటికి అందించింది. సంగారెడ్డిలో ఆసుపత్రిలో పనిచేస్తోందట.

"డ్యూటీల చేరినంకనే నాయన చేతులు సరిగ్గ చూసిన సార్," అంది. "డాక్టర్ తానికి తీస్కపోతే ఇన్ని రోజులు ఏం చేసిండ్రని తిట్టిండు. జెర ముందు తెలిస్తే మందులు ముందే షురూ చేస్తుంటిమి. ఆ కంపెనీ మాన్పిస్తుంటిమి. మీరు రెండు రోజులు నాయన పక్కనే కూసున్నరంట గదా. మీకు కనవడలేదా సార్?"

గ్లాసు కింద పెట్టాను. పెళ్లిళ్లలో అడగకుండానే వచ్చే మాటల్లో ఒకదాన్ని వెతకబోయాను.

"సారుకేం ఎరుక బిడ్డా?" అన్నాడు సాయిలు, నా వైపు చూడకుండా. "గప్పుడు తప్పు కంప్యూటర్ల ఉండె. సారే ఒప్పుకున్నడు."

ఒక్కనాడు అబద్ధమాడలేదన్న మనిషి. ఆ అమ్మాయి కొంగుతో అతని గడ్డం తుడిచి, గ్లాసు మళ్లీ నోటికి పెట్టింది. నా టీ చల్లారిపోయింది.

నొక్కి పక్కకు జరిగిన చెయ్యి మనసు మార్చుకుందనుకోవడం టూల్‌కిట్ పద్ధతి. దానికంతకన్నా తెలియదు. నాకు తెలిసింది, తెలిసీ ఆ వణుకును ఎవరికీ కనపడనీయని హ్యాండ్లర్ రాసిచ్చాను. సాయిలు అడిగాడు కాబట్టే రాశానని ఎన్నిసార్లు చెప్పుకున్నా, ఆ అమ్మాయి ప్రశ్న అలాగే ఉంది. అప్పటి నుంచి నేను రాసే ప్రతి తెరలోనూ రిలీజ్ బటన్ బయట పడితే అక్కడ ఒక ఎర్ర చుక్క నిలిచిపోయేలా చేస్తున్నాను. ఇదేంటి, తీసేయండి అంటారు. తీయను. ఎవరి చెయ్యో అడగండి, అడిగి డాక్టర్ దగ్గరికి పంపండి, పనిలోంచి కాదు అంటాను.

ప్రతి తెరలోనూ అన్నాను కదా. ఆ తర్వాత నేను రాసింది ఒక్క తెరే, అదీ ఆ పాత వేబ్రిడ్జికే మళ్లీ కొత్తగా. అక్కడ ఇంతవరకు ఎర్ర చుక్క పడలేదట. పడిన రోజు నాకు ఫోన్ చేయమని చెప్పి వచ్చాను.